బ్రేకమ్మ కునుకు

డ్రైవింగ్ స్కూలు కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది నేర్పేవాళ్ళ కాలి కింద. మొదటిదాన్ని ఎవరూ సమయానికి తొక్కరు కాబట్టే రెండోది పుట్టింది. ఆ రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని ఏళ్ళ తరబడి బతుకు వెళ్ళదీసింది కనక ఆవిడకు బ్రేకమ్మ అని పేరొచ్చింది. ఆ పేరు పెట్టిందెవరో తెలియదు. కారును పూలమొక్కల మీదికి ఎక్కించబోయి ఆఖరి క్షణంలో ఆగిపోయిన ఏ శిష్యుడో అయివుంటాడు.

నోరు కూడా ఆవిడకు కాలంత చురుకు. ఒక లాయరు నాలుగు రోడ్ల కూడలిలో గేరు మార్చకుండా నీళ్ళు నములుతుంటే, "వాయిదా వెయ్యడానికి ఇది కోర్టు కాదండీ, మార్చండి" అంది. వంట మేస్త్రీ ఒకాయన స్టీరింగును గరిటెలా తిప్పుతుంటే అడుగంటదు లెమ్మని ధైర్యం చెప్పింది. ఎదురుగా లారీ వస్తున్నా ఆవిడ గొంతు పెరిగేది కాదు. పెద్ద పెద్ద మనుషులు ఆవిడ పక్కన చెమటలు కక్కుతూ కూర్చుంటే, ఆవిడ మాత్రం కిటికీ బయటికి చూస్తూ వేరుశనగలు తినేది. కాలు మాత్రం బ్రేకు మీదే.

ఇలాంటి మనిషికి కాస్త ఆలస్యంగా కడుపు పండింది. ఇంతమంది మొద్దుల్ని దారిలో పెట్టినదాన్ని, మూడు కిలోల పిల్ల నాకొక లెక్కా అనుకుంది. లోకంలో తల్లులందరూ గోరంతలు కొండంతలు చేసి చెబుతారని ఆవిడ గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రాత్రే గాల్లో కలిసిపోయింది.

పిల్ల పగలు బంగారం. ఎవరెత్తుకున్నా పోతుంది, ఎక్కడ పడుకోబెట్టినా పడుకుంటుంది, చూడ్డానికొచ్చినవాళ్ళందరికీ బోసినవ్వులు పంచిపెడుతుంది. దీపాలార్పేసరికి దానికి ఎక్కడలేని బాధ్యతలూ గుర్తొస్తాయి. గంటకోసారి లేచి, అందరూ ఉన్నారా లేరా అని కేక వేసి చూసుకుంటుంది. పాలు పడితే రెండు గుక్కలు తాగి, తృప్తిగా నిట్టూర్చి, నిద్రపోతుంది. తొట్టిలో పడుకోబెట్టి, పిల్లి అడుగులు వేసుకుంటూ మంచం దాకా వచ్చి, దుప్పటి అంచు పట్టుకునేసరికి మళ్ళీ కేక. వీధుల్లో రాత్రిపూట ఈల వేసుకుంటూ తిరిగే పోలీసులా ఉందని మొదటి వారంలోనే దానికి హవల్దారు అని పేరు పెట్టారు. అసలు పేరు కాగితాల మీద ఉండిపోయింది.

ఇంట్లో ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన మొగుడు, హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. ఒక్క ఈలతో బడి మొత్తాన్ని వరసలో నిలబెడతాడని పేరు. పిల్లకు నాలుగో నెల వచ్చాక, క్రమశిక్షణ లేకపోవడమే దీనికి కారణమని తేల్చాడు. ఎప్పుడు పాలు, ఎప్పుడు నిద్ర, ఎప్పుడు ఆట అని టైంటేబుల్ గీసి తొట్టికి కట్టాడు. హవల్దారు ఒక చివర అందుకుని శుభ్రంగా నమిలేసింది. ఆ తరవాత ఆయన ఆ విషయంలో జోక్యం చేసుకోలేదు. రాత్రి పక్కమీద వాలితే చాలు, దుంగ. పక్కన పిడుగు పడ్డా ఉలుకూ పలుకూ ఉండదు. గురక మాత్రం ఉంటుంది.

రెండోమనిషి అత్తగారు. ఆవిడ చెవులు పగటిపూట మహా పదును. వంటింట్లో చెంచా కిందపడితే వీధి గుమ్మంలోంచి ఏం పగిలిందని అడుగుతుంది. రాత్రి మాత్రం ఆ చెవులు ఎక్కడ దాచుకుంటుందో ఎవరికీ తెలియదు. పొద్దున లేచి, హాయిగా ఒళ్ళు విరుచుకుని, "మా వాడు పసివాడప్పుడు ఒక్క రాత్రి కూడా ఏడవలేదు అమ్మాయ్. పడుకోబెడితే మళ్ళీ తెల్లారాకే" అనేది. బ్రేకమ్మ ఎర్రబడ్డ కళ్ళతో ఆవిడ వైపు చూసి, టీ కప్పు బల్లమీద అవసరమైనదానికంటే కాస్త గట్టిగా పెట్టేది.

సలహాలు మాత్రం వీధి వీధంతా ఇచ్చింది. పక్కవాటా ఆవిడ, పాలల్లో బియ్యప్పిండి కలిపి పట్టేస్తే పొద్దెక్కేదాకా లేవదంది. మెడికల్ షాపు ఆయన ఏదో చుక్కల మందు చేతిలో పెట్టబోయాడు. ఆడబిడ్డ ఫోను చేసి, ఏడిస్తే ఏడవనీ, అదే నేర్చుకుంటుంది, అని చెప్పి తన ఫోను సైలెంటులో పెట్టుకుని పడుకుంది. బ్రేకమ్మ ఇవన్నీ మూటగట్టుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ హవల్దారును తిరగేసి మరగేసి చూసి, తూకం వేసి, పిండీ వద్దు, చుక్కలూ వద్దు, పిల్ల రాయిలా ఉందని చెప్పింది. ఈ వయసులో పొట్ట చిన్నది, లేవడం మామూలేనంది.

"పిల్ల సంగతి సరే. నువ్వు ఎప్పుడు పడుకుంటున్నావు?" అని అడిగింది ఆఖర్న.

బ్రేకమ్మ ఆ ప్రశ్నను జోకనుకుని నవ్వేసి వచ్చేసింది.

సెలవైపోయింది. పిల్లను పగలు అత్తగారికి అప్పజెప్పి బ్రేకమ్మ మళ్ళీ కారెక్కింది. అప్పటినుంచీ ఆవిడ ప్రవర్తనలో కొన్ని వింతలు కనిపించాయని శిష్యులు తరవాత చెప్పుకున్నారు. ఒకమ్మాయికి మలుపు దగ్గర, "ఇండికేటరు వేసి, మెల్లగా తేన్పు తెప్పించండి" అని చెప్పింది. ఆ అమ్మాయి అదేదో కొత్త గేరనుకుని తెగ వెతికింది. ఇంకో రోజు ఇనుప సామాన్ల కొట్టాయన, పర్వతంలాంటి మనిషి, ఎర్రలైటు దగ్గర కారాపాడు. పచ్చలైటు వచ్చేదాకా బ్రేకమ్మ ఆయన వీపు మీద చిన్నగా తడుతూ కూర్చుంది. ఆయన నోరెత్తలేదు. మర్నాడు పెళ్ళాన్ని కూడా వెంటబెట్టుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాడు.

వీటికి అందరితోపాటు బ్రేకమ్మ కూడా నవ్వింది. నిద్రలేకపోవడం గురించి ఆవిడ చెప్పే కబుర్లకు స్కూల్లో మంచి గిరాకీ ఉండేది. లోపల మాత్రం సంగతి వేరు. మధ్యాహ్నాలు చెవుల్లో ఒక జోరీగ తిరుగుతున్నట్టుండేది. రాత్రి పిల్ల ఏడవకపోయినా ఏడ్చినట్టు వినిపించేది. ఒక్కోసారి తొట్టి పక్కన నిలబడి, ఇది నామీద పగబట్టిందని నిజంగానే నమ్మేది. నమ్మినందుకు కాసేపు ఏడ్చేది. ఏడుస్తుండగానే కళ్ళు మూతలు పడేవి. అంతలో కేక.

ఆ రోజుల్లో ఆవిడ దగ్గర నేర్చుకుంటున్నవాళ్ళలో రిటైరైన రైలు గార్డు ఒకాయనున్నాడు. ఉద్యోగమంతా ఆఖరి పెట్టెలో కూర్చుని చేసినవాడు. ముందుకు చూసి బండి నడపడం ఆయనకు కొత్త. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. జీవితమంతా పట్టాల మీద గడిచింది కనక తిప్పడం అనే విషయం ఆయన బుర్రకెక్కలేదు. తిన్నగా అయితే చక్కగా పోతాడు. మలుపొస్తే నమస్కారం పెడతాడు. ఒకటి మాత్రం చెప్పుకోవాలి, చెప్పిన మాట జవదాటడు.

ఒక మధ్యాహ్నం బ్రేకమ్మ ఆయన్ని ఊరి బయట కొత్తగా వేసిన రోడ్డు మీదికి తీసుకెళ్ళింది. వెడల్పాటి రోడ్డు, పెద్దగా బళ్ళు తిరగవు.

"గార్డుగారూ, ఇవాళ తిన్నగా పోనివ్వండి చాలు. నేను చెప్పేదాకా ఆపొద్దు" అంది.

గార్డు నిటారుగా కూర్చుని పోనిచ్చాడు. రెండో గేరు. ఇంజను ఒకే శ్రుతిలో హమ్మంటోంది. కిటికీలోంచి గోరువెచ్చని గాలి. పక్కన కేకలు వేసేవాళ్ళు లేరు, పాలడిగేవాళ్ళు లేరు. సీట్లో అలవాటైన గుంటలో ఆవిడ ఒళ్ళు అలవాటుగా ఒదిగింది. ఎడమ పక్క నీళ్ళ ట్యాంకు కనబడింది. ఆ తరవాత ఏం కనబడిందో ఆవిడకు తెలియదు.

కాసేపటికి గార్డుకు అనుమానమొచ్చింది. ఇంతసేపు ఆవిడ ఎవర్నీ వెక్కిరించకుండా ఉండటం ఎప్పుడూ లేదు. ఓరకంట చూశాడు. తల కిటికీ అద్దానికి ఆనింది, నోరు తెరుచుకుంది, పెదవి చివర చొంగ మెరుస్తోంది. కాళ్ళు రెండూ సీటు మీదికి ముడుచుకుంది. లేపాలనే అనుకున్నాడు. అంతలో ఆ మొహం మళ్ళీ చూశాడు, లేపబుద్ధి కాలేదు. ఆపుదామా అంటే, ఆయన బ్రేకు తొక్కినప్పుడల్లా కారు గుర్రంలా ఎగిరిపడుతుంది. వెనక్కి తిప్పుదామా అంటే ఆ పాఠం ఇంకా కాలేదు. ఆగమని ఎవరూ చెప్పలేదు. కనక పోనిచ్చాడు.

ఇటుక బట్టీలు వెళ్ళిపోయాయి. ఊరి సరిహద్దు బోర్డు వెళ్ళిపోయింది. వెనక నుంచి బస్సులు హారన్లు కొడుతూ దాటిపోయాయి. ఒక లారీ క్లీనరు తల బయటికి పెట్టి గార్డు పుట్టుక గురించి ఏదో అన్నాడు. గార్డు పెదవుల మీద వేలుపెట్టి, మెల్లగా అని సైగ చేశాడు. పొలాలొచ్చాయి, పోయాయి. చివరికి ఆ కొత్త రోడ్డు ఎక్కడికి వేశారో అక్కడికి చేరింది. సిమెంటు ఫ్యాక్టరీ గేటు. మూసి ఉంది.

ఇక తప్పదని గార్డు బ్రేకు తొక్కాడు. కారు ఒక్క గెంతు గెంతి, దగ్గి, ప్రాణం వదిలింది. గేటుకూ బంపరుకూ మధ్య మనిషి నిలబడేంత చోటు మిగిలింది. వాచ్‌మన్ లోపలినుంచి పరిగెత్తుకొచ్చి ఆ చోట్లోనే నిలబడి ఎవరు కావాలని అరిచాడు.

"గట్టిగా మాట్లాడకు బాబూ. ఆవిడ పడుకుంది" అన్నాడు గార్డు.

ఆవిడ లేచింది. మొదట ఎంతో హాయిగా అనిపించింది. ఒళ్ళు దూదిలా ఉంది, తల కడిగిన పలకలా ఉంది. ఆ తరవాత ఎదురుగా గేటు కనబడింది. గేటు మీద పుర్రె బొమ్మ, దాని కింద ప్రమాదం అని రాసివుంది. కాలు చటుక్కున బ్రేకు కోసం వెతికింది. ఆ కాలు తన కిందే ముడుచుకుని, తిమ్మిరెక్కి ఉంది.

"భయపడకమ్మా. దార్లో ఒక్క ఎర్రలైటు కూడా దాటలేదు" అన్నాడు గార్డు.

"ఉన్నాయా ఎర్రలైట్లు?"

"లేవు."

బ్రేకమ్మ కారు దిగి గేటు పట్టుకుని నిలబడింది. నవ్వొస్తుందనుకుంది. బదులు, వచ్చిన దారి వైపు తిరిగి చూసింది. ఈ దారిలో ఇటుక బట్టీల దగ్గర పిల్లలు ఆడుకుంటుంటారు. ఏ బంతో రోడ్డు మీదికి దొర్లివుంటే, ఏ పిల్లాడో దాని వెనక వచ్చివుంటే, ఈ పెద్దాయన ఏ కాలు ఎక్కడ పెట్టేవాడు? తను ఏ కలలో ఉండేది? వాచ్‌మన్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. సగం తాగి సగం మొహాన కొట్టుకుంది.

వెనక్కి తనే నడిపింది. గార్డు పక్క సీట్లో బుద్ధిగా కూర్చుని, రాత్రి బళ్ళలో తను ఎంతోమంది నిద్రలు చూశాననీ, ఇలాంటి నిద్ర ఎవరి మొహంలోనూ చూడలేదనీ చెప్పాడు. స్కూలు దగ్గరపడుతుండగా, టైరు పంక్చరైందని చెబుదామా అని మెల్లగా అడిగాడు. కావాలంటే తనే చెబుతానన్నాడు. బ్రేకమ్మ వద్దంది. స్కూలు ముందు ఇద్దరు శిష్యులు ఎండలో కాళ్ళు మార్చుకుంటూ నిలబడివున్నారు. వాళ్ళ వెనక ప్రొప్రయిటరు చేతులు కట్టుకుని ఉన్నాడు. ఆవిడ అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

ప్రొప్రయిటరు తిట్టలేదు. తిడితే బావుండేదనిపించింది. చెయ్యి చాపి కారు తాళం అడిగాడు.

"గదిలో కూర్చుని రోడ్డు గుర్తుల పాఠం చెప్పండి మేడమ్. నిద్రొస్తే ఆ బల్ల మీదే పడుకోండి, ఎవరూ చావరు. కారు మాత్రం ఇప్పుడప్పుడే ఇవ్వను" అన్నాడు.

తాళం ఇచ్చేసి ఇంటికి నడుచుకుంటూ వచ్చింది. పిల్ల చేతులు చాపి నవ్వింది. ఆవిడకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి దీపాలార్పాక హవల్దారు యథాప్రకారం మొదటి కేక వేసింది. బ్రేకమ్మ లేవలేదు. కళ్ళు తెరుచుకుని, కప్పు వైపు చూస్తూ పడుకుంది. పక్కన మొగుడి గురక సాగుతోంది. పిల్ల కేక ఆపి ఊపిరి పీల్చుకుంది. గురక కూడా ఆగింది. పిల్ల మళ్ళీ అందుకుంది. గురక మళ్ళీ అందుకుంది. బ్రేకమ్మ మోచేతి మీద లేచి శ్రద్ధగా విన్నది. ఇన్నేళ్ళుగా ఆయన అసలు గురక ఆవిడకు తెలుసు. బురదలో దిగబడ్డ బండి ఇంజనులా మూడు ఎగదోపులూ ఒక ఈలా ఉంటుంది. ఇది అది కాదు. ఇది ఎవరో గురక గురించి పుస్తకంలో చదివి పెడుతున్న గురక.

ముందు పిల్లను ఎత్తుకుంది. భుజాన వేసుకుని మంచం చివర కూర్చుంది.

"లేవండి. ఈల బావుంది గానీ శ్రుతి కుదరడం లేదు" అంది.

గురక ఇంకో రెండు సార్లు మర్యాదగా సాగి ఆగిపోయింది. చీకట్లో ఆయన లేచి కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది.

"మొదట్లో నిజంగానే పడుకునేవాణ్ణి."

"ఆ తరవాత?"

ఆయన దుప్పటి పక్కకు తోశాడు. "నేనెత్తుకుంటే ఇంకా గట్టిగా ఏడుస్తుంది" అన్నాడు. "నువ్వెత్తుకోగానే ఆపేస్తుంది. బళ్ళో అంతమంది నా మాట వింటారు. ఇది నా మొహం చూసి గుక్కపట్టి ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలీదు. అందుకని..."

"అందుకని చచ్చినట్టు పడుకున్నారు."

"అవును."

బ్రేకమ్మకు పిల్లను ఆయన మీదికి విసరాలనిపించింది. విసరలేదు. ఒళ్ళో పెట్టింది. పెట్టి, ఆ మధ్యాహ్నం సంగతి చెప్పింది. గేటు, బంపరు, కింద ముడుచుకున్న కాలు, ఇటుక బట్టీల దగ్గరి పిల్లలు. కబుర్లు చెప్పే గొంతుతో మొదలుపెట్టింది గానీ సగంలో ఆ గొంతు నిలవలేదు. పిల్ల ఆయన ఒళ్ళో ముందే చెప్పినట్టు గుక్కపట్టి ఏడుస్తోంది. ఆయన తొలిసారి దాన్ని తిరిగిచ్చేయకుండా అలాగే పట్టుకుని కూర్చుని విన్నాడు. అంతా విని, "నువ్వెళ్ళి అమ్మ గదిలో పడుకో. తలుపేసుకో" అన్నాడు.

"మీవల్ల అవుతుందా?"

"అవదు. వెళ్ళు."

మర్నాటినుంచి ఏర్పాటు మారింది. పడుకోబోయే ముందు ఆవిడ పాలిచ్చేది. ఇంకొన్ని పాలు పిండుకుని సీసాలో పోసి ఫ్రిజ్జులో పెట్టేది. రాత్రి ముందు సగం డ్రిల్లు మాస్టరుది, వెనక సగం ఆవిడది. ఆవిడ అత్తగారి గదిలో తలుపేసుకుని పడుకునేది. కొత్తల్లో తలుపు వెనక కూడా కళ్ళు తెరుచుకునే ఉండేది. అవతల గదిలో ఏడుపు, ఆ ఏడుపు వెంట బూటు లేని కాళ్ళ చప్పుడు. ఆయనకు జోలపాటలు రావు కాబట్టి పిల్లను భుజాన వేసుకుని, గొంతు తగ్గించి లెఫ్ట్ రైట్ అనుకుంటూ గది ఆ చివరినుంచి ఈ చివరికి కవాతు చేసేవాడు. హవల్దారుకు కవాతు నచ్చకేం చేస్తుంది? మూడో రాత్రికి, వెనక్కి తిరుగ్ అనగానే తల ఆనించి పడుకోవడం మొదలుపెట్టింది.

అసలు విచిత్రం ఆ తరవాత బయటపడింది. పొద్దున టీ దగ్గర డ్రిల్లు మాస్టరు తన వంతులో పిల్ల ఒక్కసారే లేచిందని చెప్పాడు. బ్రేకమ్మ నమ్మలేదు. మళ్ళీ గురకపెట్టి పడుకున్నాడనే అనుకుంది. ఆ రాత్రి చెప్పకుండా తలుపు సందులోంచి కాపలా కాసింది. హవల్దారు మూలిగింది, కాళ్ళు తన్నుకుంది, చిన్న కేక వేసింది. డ్రిల్లు మాస్టరు నిజంగానే లేచాడు. కళ్ళజోడు లేకపోతే ఆయనకు తొట్టికీ బీరువాకీ తేడా తెలియదు. తలగడ కింద వెతికాడు, లేదు. కిటికీలో తడిమాడు, దొరికింది. చెప్పులు వెతికాడు, ఒకటి దొరికింది. రెండోది మంచం కిందికి పోయింది, వంగి అందుకున్నాడు. తీరా తయారై నిలబడేసరికి గదిలో చప్పుడే లేదు. పిల్ల బొటనవేలు నోట్లో పెట్టుకుని పడుకునివుంది. దాని కళ్ళు అసలు తెరుచుకోనేలేదు. ఆయన ఒక చెప్పు కాలికీ, ఒక చెప్పు చేతిలోనూ ఉండగా గది మధ్యలో కాసేపు నిలబడి, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు.

తలుపు వెనక బ్రేకమ్మకు ఒళ్ళు మండింది. ఇన్ని నెలలూ ఆవిడ ఏం చేసింది? మూలుగు వినబడగానే కాలు బ్రేకు మీదికి పోయినంత వేగంగా తొట్టి మీదికి ఉరికింది. నిద్రలో గొణుక్కుంటున్న పిల్లను ఎత్తి, దీపం వేసి, నోట్లో పాలు పెట్టింది. పాపం అది కూడా, అర్ధరాత్రి ఎవరో ఎత్తుకుని విందుకు పిలుస్తుంటే కాదనడం ఎందుకని తాగి ఉంటుంది. సగంసార్లు పిల్ల తనను లేపలేదు, తనే పిల్లను లేపింది. ఈ సంగతి తనకు తెలిసింది, గురక నటించిన మొగుడి కళ్ళజోడు పుణ్యాన. అదొక్కటే ఆవిడ చాలా రోజులు మింగలేకపోయింది.

డాక్టరమ్మను అడిగితే, నిజమైన ఆకలి ఏడుపు పెరుగుతుంది గానీ తగ్గదనీ, చిన్న మూలుగులకు కాస్త ఆగి చూడటంలో తప్పులేదనీ చెప్పింది. ఎంతసేపు ఆగాలని డ్రిల్లు మాస్టరు అడిగాడు. కళ్ళజోడు దొరికేదాకా అని బ్రేకమ్మే జవాబిచ్చింది. ఆవిడకు కళ్ళజోడు లేదు కాబట్టి ఆవిడ వంతులో మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఆగేది. అది డ్రైవింగు నేర్పడం కంటే కష్టమని ఇదివరకు ఎవరైనా చెబితే వినేది కాదు గానీ, అప్పుడు ఒప్పుకుంది.

అన్ని రాత్రులూ ఇంత సాఫీగా పోయాయనుకుంటే పొరపాటు. కొన్ని రాత్రులు కవాతూ పనిచేసేది కాదు, సీసా పనిచేసేది కాదు, ఆగడమూ పనిచేసేది కాదు. అలాంటి ఒక రాత్రి చివర, తెల్లవారబోతుండగా, బ్రేకమ్మ పిల్లతో వంటింట్లో తిరుగుతుంటే అత్తగారు జడ చుట్టుకుంటూ వచ్చింది. పిల్లను తన చేతుల్లోకి తీసుకుని కోడల్ని వెళ్ళి పడుకోమంది. ఎలాగూ ఈ వేళకు లేచే ఉంటానంది.

"రోజూ లేచే ఉంటారా?"

"ఏనాటినుంచో."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఎత్తుకోలేదు అత్తయ్యా?"

"నువ్వు అడగలేదుగా అమ్మాయ్. దగ్గరికొస్తే కరిచేట్టు చూసేదానివి."

అది నిజమేనని బ్రేకమ్మకు తెలుసు. కానీ వదిలేసే మనిషి కాదు. మీ అబ్బాయి ఒక్క రాత్రి కూడా ఏడవలేదన్నారు, మరి ఏడిస్తే ఎత్తుకోవడం మీకెలా తెలుసని అడిగింది. అత్తగారు పిల్ల వీపు నిమిరింది.

"ఏడవలేదని కాదు అమ్మాయ్. నాకు గుర్తులేదు. ఆ ఏడాది మొత్తం గుర్తులేదు."

అప్పటినుంచి తెల్లవారుజాము అత్తగారి వాటా అయింది. ఒక రాత్రిని ముగ్గురు పంచుకుంటే మనిషికి మిగిలే నిద్ర పెద్ద ఎక్కువేం కాదు. అయినా అది తెగకుండా, ముక్కలు కాకుండా ఉండేది. బ్రేకమ్మ చెవుల్లోంచి జోరీగ వెళ్ళిపోయింది. పిల్ల కూడా నెలలు గడిచేకొద్దీ తనంతట తనే కాస్త పెద్దరికం తెచ్చుకుంది. గస్తీలు తగ్గించి రాత్రికి రెండుసార్లకు కుదించుకుంది.

కారు తాళం తిరిగి రావడానికి మాత్రం పరీక్ష జరిగింది. ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ప్రొప్రయిటరు ఆవిడను ఎదురుగా కూర్చోబెట్టి తన కిడ్నీ ఆపరేషను కథ మొదలుపెట్టాడు. ఆ కథ విన్నవాళ్ళలో చివరిదాకా మెలకువగా ఉన్నవాళ్ళు అంతవరకూ లేరు. ఆపరేషను చేసిన డాక్టరు కూడా కునికాడని ఒక వదంతి ఉంది. బ్రేకమ్మ మొత్తం విన్నది. మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగింది, అందులో ఒకటి వెటకారం. ప్రొప్రయిటరు సొరుగులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ తరవాత పిల్లకు పళ్ళు రావడం మొదలైంది. ఇంట్లో ముగ్గురూ మళ్ళీ రాత్రిళ్ళు నడవాల్లో ఎదురెదురు పడుతూ, పలకరించుకోకుండా తప్పుకుని వెళ్ళేవారు. కానీ ఈసారి బ్రేకమ్మ అది తన ఒక్కదాని తలరాత అనుకోలేదు. కళ్ళు మండుతున్న రోజున ప్రొప్రయిటరు దగ్గరికి వెళ్ళి, ఇవాళ గదిలో పాఠం చెబుతాను, కారు వద్దు, అని తనే చెప్పేసేది. ఆ మాట చెప్పడానికి మొదటిసారి సిగ్గేసింది. రెండోసారి వెయ్యలేదు.

చలికాలం మొదట్లో ఒక కొత్త శిష్యురాలు వచ్చింది. బట్టల షాపులో పనిచేసే అమ్మాయి. నిండు నెలలు దగ్గరపడుతున్నాయి. పొట్టకూ స్టీరింగుకూ మధ్య తలగడ పట్టేంత చోటు కూడా లేదు. పురుడొచ్చేలోగా లైసెన్సు వచ్చేయాలని ఆ అమ్మాయి పంతం. నిమ్మకు నీరెత్తినట్టు హాయిగా ఉంది, అన్నీ చదివేసుకుంది, తొట్టి కూడా కొనేసింది. రెండో రోజు పెద్ద రోడ్డు మీద కుడివైపుకు తిరగబోతూ, చూపు బ్రేకమ్మ వైపు తిప్పి అడిగింది.

"అక్కా, మీకు పాప ఉందటగా. పసిపిల్లలు రాత్రంతా పడుకోవడం ఎన్నో నెలనుంచి మొదలుపెడతారు?"

బ్రేకమ్మ ఆ అమ్మాయి మొహం వైపు చూసింది. నిగనిగలాడుతూ, కళ్ళ కింద ఒక్క గీత లేకుండా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పేద్దామా అని నోరు తెరిచింది.

"ముందు అద్దం చూడమ్మా. వెనక లారీ వస్తోంది" అంది.